తెల్లవారుజామున కారు వణుకుతుంటే: చలి ముదరకముందే చూసుకోవలసినవి

అనంతపురంలో చలికాలమంటే పగలు మామూలు ఎండే. తెల్లవారుజామున మాత్రం చలి గట్టిగానే ఉంటుంది. మన దూరప్రయాణాలు మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ వేళకే. ధనుర్మాసంలో తిరుమలకు బయలుదేరేవారు, శబరిమల వెళ్లే స్వాములు, సోమవారం పొద్దున బెంగళూరులో ఉండవలసిన ఉద్యోగులు నాలుగు గంటలకే కారు తీస్తారు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంటుంది గానీ ఒళ్లంతా వణుకుతుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది, ఒక్కోసారి ఇంజను ఆగిపోతుంది. రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికి అంతా సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని వదిలేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. లోపం పోలేదు, వేడికి కనబడకుండా పోయింది, అంతే. కార్తీకమాసం ముగిసేలోపే దీని సంగతి తేల్చుకోవడం మంచిది.

ముందుగా, ఏది లోపం కాదో తెలియాలి. చల్లటి పెట్రోలు ఇంజను మొదట 1,200 ఆర్‌పీఎంకు అటూఇటుగా, కొన్ని కార్లలో అంతకంటే ఎక్కువగా తిరిగి, వేడెక్కేకొద్దీ 700–900కు దిగుతుంది. ఆ దిగడం నిదానంగా, నిలకడగా ఉంటే భయపడనక్కరలేదు. సైలెన్సర్ నుంచి కాసేపు పలుచటి ఆవిరి రావడం, నాలుగు నీటి చుక్కలు పడడం కూడా సహజమే.

చల్లగా ఉన్నప్పుడే ఎందుకు వణుకుతుంది? చల్లటి లోహం మీద పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే ఇంజను కంప్యూటర్, కూలెంట్‌లో (ఇంజనును చల్లబరిచే ద్రవంలో) ఉండే ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పినదాన్నిబట్టి కాస్త ఎక్కువ పెట్రోలు పోస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి మిశ్రమాన్ని సరిదిద్దే సెన్సర్ ఇంకోటి ఉంది, కానీ అది దాదాపు 300 డిగ్రీలు దాటితేగాని పని మొదలుపెట్టదు. అది మేలుకునేదాకా కంప్యూటర్ ఉజ్జాయింపుగానే నడిపిస్తుంది. ఆ కాస్త సమయంలో ఎక్కడ గాలి లీకైనా, పెట్రోలు మండించే నిప్పురవ్వ పుట్టించే ఏ ప్లగ్గు బలహీనపడినా దిద్దే నాథుడు లేక ఇంజను వణుకుతుంది.

మన ప్రాంతంలో రబ్బరు హోస్ పైపుల మీద మరింత కన్నేసి ఉంచాలి. 40 డిగ్రీలు దాటే ఎండల్లో, బానెట్ కింద అంతకంటే ఎక్కువ వేడికి మగ్గిన రబ్బరు గట్టిపడి సన్నగా పగులుతుంది. చలికి ముడుచుకున్నప్పుడు ఆ పగులు తెరుచుకుని లెక్కలోలేని గాలి లోపలికి పోతుంది, వేడికి మళ్లీ మూసుకుంటుంది. వేసవి చేసిన గాయం చలికాలంలో బయటపడడమంటే ఇదే. ఎలుకల బెడద వేరే. వేరుశనగ కోతలయ్యాక కాయలు నిల్వచేసిన ఇంటిపక్క, కళ్లం పక్క కారు నిలిపితే రాత్రికి బానెట్ కిందికి చేరి వైర్లు, సన్నటి గొట్టాలు కొరికేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి చూడండి. దుమ్ముతోపాటు వేరుశనగ పొట్టు కనబడితే వైర్లన్నీ తడిమి చూడాల్సిందే.

ఇక పరీక్ష. కారు రాత్రంతా కదలకుండా ఉండాలి. ఉదయం ఇంజను తాకకముందే కూలెంట్ డబ్బాలో మట్టం ఏ గీత దగ్గరుందో ఫోటో తీసుకోండి. బ్యాటరీ వోల్టేజీ చూసే సాధనం ఉంటే 12.6 దగ్గర ఉండాలి, 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్టే. కారును ఆరుబయట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఏసీ, లైట్లు ఆపి స్టార్ట్ చేయండి. ఫోనులో ముల్లును, ఆ తర్వాత సైలెన్సర్‌ను వీడియో తీయండి. మెకానిక్‌కు వంద మాటలకంటే ఆ వీడియో ఎక్కువ చెబుతుంది.

బానెట్ కింద బుస్సుమనే చప్పుడుంటే గాలి లీకు. ఒకే లయలో డుగ్ డుగ్ అని కొట్టుకుంటే ఒక సిలిండర్ మిస్సింగ్, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదు. ప్లగ్గు, దానికి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. మామూలు నికెల్ ప్లగ్గులు దాదాపు 30 వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి. వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఇంజనులోకి పోయే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుందేమో చూడాలి. ముల్లు కదలకుండా ఉండి బండి మాత్రమే అదురుతుంటే తప్పు ఇంజనుది కాకపోవచ్చు, దాన్ని మోసే రబ్బరు మౌంట్లది కావచ్చు. నల్లటి పొగ, పెట్రోలు వాసన వస్తే ఇంధనం ఎక్కువ పడుతోందని అర్థం. ఉష్ణోగ్రత సెన్సర్ లేదా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారుతోందేమోనని దాని మీద అనుమానం పెట్టుకోవాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దట్టమైన తెల్లటి పొగకు. అది కాస్త తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ మట్టం రోజురోజుకూ తగ్గుతుంటే కూలెంట్ సిలిండర్‌లోకి పోకుండా మూసి ఉంచే హెడ్ గ్యాస్కెట్ పోయే సూచన. రాత్రంతా సిలిండర్‌లోకి ఊరిన కూలెంట్ పొద్దున్నే మిస్సింగ్ తెస్తుంది. ఆ కారుతో తిరుమల ఘాట్ ఎక్కవద్దు, బెంగళూరు దారి పట్టవద్దు. దయచేసి రేడియేటర్‌లో బోరు నీళ్లు కూడా పోయకండి. మన బోరు నీటిలోని సున్నం, ఉప్పు లోపల పేరుకుని లోహాన్ని తింటాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి.

షెడ్డుకు పొద్దున నడుపుకుంటూ పోతే అక్కడికి చేరేసరికి ఇంజను వేడెక్కి బుద్ధిగా తిరుగుతుంది, మెకానిక్‌కు ఏమీ దొరకదు. అందుకే ముందురోజు సాయంత్రమే కారు అక్కడ వదిలిపెట్టండి. మీరు గానీ ఆయన గానీ వచ్చి చల్లటి ఇంజనునే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేయకముందే స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే సాధనం) పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత చూపుతోందో చూడమనండి. రాత్రంతా ఆగిన కారులో అది బయటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. బయట 17 డిగ్రీలున్నప్పుడు అది 60 చూపితే, ఇంజను వేడిగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు తక్కువ పోస్తోందన్నమాట. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇది చేయకుండా ఊహ మీద ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజెక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి మార్పించుకుంటూ పోతే డబ్బు వృథా.

చేయకూడనివి కొన్ని గట్టిగా చెప్పాలి. తలుపు మూసిన గ్యారేజీలో ఇంజను నడపవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు వైర్లు పీకి చూసే పాత అలవాటు మానుకోండి, ఆ విద్యుత్తు వేల వోల్టులు. చున్నీ, కండువా ఫ్యాన్ దగ్గరికి పోనివ్వవద్దు. వేడి రేడియేటర్ మూత తిప్పవద్దు. వణుకు పోతుందని చల్లటి ఇంజనుకు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కవద్దు, ఆయిల్ ఇంకా పైకి చేరి ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం నిలకడగా వెలిగితే షెడ్డుదాకా మెల్లగా పోవచ్చు. అదే మినుకుమినుకుమంటుంటే బండి పక్కకు ఆపేయాలి, ఎందుకంటే కాలని పెట్రోలు, పొగను శుభ్రంచేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని మాడ్చేస్తుంది.

డీజిల్ కారైతే ముందుగా, స్టార్ట్‌కు ముందు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులు చూపించండి. తాళం తిప్పాక చుట్టలాంటి దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

మరమ్మతు అయ్యాక సాయంత్రం షెడ్డులో ఇంజను నున్నగా తిరిగిందని తృప్తిపడవద్దు. కారు ఇంటికి తెచ్చుకుని, మర్నాడు అయిదు గంటలకు అదేచోట, అదే పద్ధతిలో మళ్లీ స్టార్ట్ చేసి, పాత వీడియోతో పోల్చి చూసుకోండి. కూలెంట్ మట్టం వారంపాటు గమనించండి. ఆ తర్వాతే దూరప్రయాణానికి తేదీ పెట్టుకోండి.