స్థానిక వోడ్కాను నేరుగానూ, కాక్‌టెయిళ్లలోనూ రుచి చూడటం ఎలా?

వోడ్కాకు రుచీ వాసనా ఉండవనే మాట చాలాకాలం చట్టాల్లోనే ఉండేది. అమెరికా నిబంధనలు వోడ్కాను ప్రత్యేకమైన గుణం, వాసన, రుచి, రంగు లేని మద్యంగా నిర్వచించేవి. 2020లో ఆ మాటలను తొలగించారు. రెండు వేర్వేరు వోడ్కాలను పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి వాసన చూసినవారికి ఆ మార్పు ఎందుకు అవసరమైందో విడమరిచి చెప్పనక్కర్లేదు. మీ ప్రాంతంలోని చిన్న డిస్టిలరీ తయారుచేసిన సీసా చేతికి వచ్చినప్పుడు దాని మంచిచెడ్డలు తేల్చుకోవడానికి నిపుణుల నాలుక లేకపోయినా ఫర్వాలేదు గానీ, పోల్చి చూసుకోవడానికి మీకు బాగా అలవాటైన మరో వోడ్కా మాత్రం తప్పకుండా ఉండాలి. పోలిక లేకుండా ఒక్కటే తాగితే ఏ వోడ్కా అయినా ఘాటుగానే అనిపిస్తుంది.

స్థానికం అంటే ఇక్కడ లైసెన్సు ఉన్న తయారీదారు సీలు వేసి, లేబుల్‌పై ఆల్కహాల్ శాతం, చిరునామా ముద్రించి అమ్మే సరుకని మాత్రమే అర్థం. ఎవరో ఇంట్లో కాచిన మద్యాన్ని రుచి చూసి మంచిదో కాదో తేల్చుకుందామనుకోవడం ప్రాణాంతకం కావచ్చు. చూపు పోగొట్టి, ప్రాణం తీయగల మిథనాల్ అందులో కలిసి ఉన్నా ముక్కుగానీ నాలుకగానీ దాన్ని పసిగట్టలేవు. చట్టం చెప్పిన వయసు రానివారు, గర్భిణులు, ఆల్కహాల్‌తో పొసగని మందులు వాడుతున్నవారు, ఆ తర్వాత బండి నడపవలసినవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

ముందు లేబుల్ చదవండి

మూత తీయకముందే సీసా కొంత సమాచారం చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ముడిసరుకు. రై ధాన్యంతో చేసిన వోడ్కాలో మిరియాన్ని గుర్తుచేసే చురుకు, గోధుమతో చేసినదానిలో మెత్తదనం, మొక్కజొన్నతో చేసినదానిలో కొద్దిపాటి తీపి, బంగాళాదుంపతో చేసినదానిలో నోటినిండా పరుచుకునే చిక్కదనం సాధారణంగా కనిపిస్తాయి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ధాన్యం, బంగాళాదుంప కాకుండా ద్రాక్ష వంటి వేరే సరుకుతో చేస్తే ఆ సంగతి లేబుల్‌పై రాయవలసిందే.

రెండోది, డిస్టిల్ చేసింది (కాచి, ఆవిరిని చల్లబరిచి మద్యం తీసింది) ఎవరు, సీసాల్లో నింపింది ఎవరు అన్నది. చాలామంది చిన్న తయారీదారులు పెద్ద కర్మాగారాల నుంచి 95-96 శాతం ఆల్కహాల్ ఉన్న న్యూట్రల్ స్పిరిట్ (రుచీ వాసనా దాదాపు పోయేలా శుద్ధి చేసిన మద్యం) కొని, మళ్లీ ఒకసారి డిస్టిల్ చేసో, బొగ్గుతో వడగట్టో, నీళ్లు కలిపి 40 శాతానికి దించుతారు. ఇది మోసమేమీ కాదు. అయితే అలాంటి సీసాలో ఆ డిస్టిలరీ పనితనం ధాన్యంలో కన్నా నీళ్లలోనూ వడపోతలోనూ ఎక్కువగా తెలుస్తుందని గుర్తుంచుకోండి. సీసాలో సగానికి పైగా ఉన్నవి నీళ్లే కదా! ఇక ‘ఐదుసార్లు డిస్టిల్ చేసినది’, ‘ఏడుసార్లు వడగట్టినది’ వంటి గొప్పలను నేనైతే పట్టించుకోను. పొడవాటి కాలమ్ బట్టీలో (స్తంభంలా నిలువుగా ఉండే డిస్టిల్ చేసే పరికరంలో) స్పిరిట్ ఒక్క పర్యాయంలోనే ఎన్నో అంచెలు దాటుతుంది కాబట్టి ఆ లెక్కకు పెద్ద అర్థం లేదు.

గ్లాసులు, గది, కొలత

పొట్ట కాస్త వెడల్పుగా, అంచు సన్నగా ఉండే చిన్న గ్లాసులు రెండు జతలు సిద్ధం చేసుకోండి. సబ్బు వాసన మిగలకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఒక్కో గ్లాసులో 15 మిల్లీలీటర్లకు మించి పోయకండి. పక్కన మామూలు నీళ్లు, ఉప్పూ మసాలా లేని బ్రెడ్డు ముక్కలు, ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టుకోండి. ఉమ్మడం మర్యాద కాదనిపించవచ్చు గానీ, నాలుగో గ్లాసు దగ్గర తీర్పు చెప్పేది మీ నాలుకా, తలకెక్కిన మత్తా అన్న అనుమానం రాకూడదంటే వేరే దారి లేదు. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ, అత్తరు వద్దు. వోడ్కా మాత్రం 20 డిగ్రీల చుట్టుపక్కల, అంటే చల్లబరచకుండా, ఉండాలి.

ఈ చివరి నియమం నేను అనుభవంతో నేర్చుకున్నది. ఒకసారి ఫ్రీజర్‌లోంచి తీసిన కొత్త సీసాను, గ్లాసు అంచున మంచు పొగమంచులా పట్టిన స్థితిలో, తేనెలా జారుతోందని అందరి ముందూ పొగిడాను. మర్నాడు అదే సీసాను చల్లదనం పోయాక మూత తీస్తే గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసన గుప్పుమంది. చలి మంచిచెడులు రెంటినీ ఒకేలా కప్పేస్తుంది.

వాసన చూడటం

గ్లాసును వైన్‌లాగా గిరగిరా తిప్పకండి. అలా చేస్తే ఆల్కహాల్ ఆవిరి ఎగసి ముక్కును మొద్దుబారుస్తుంది. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, పెదవులు కొద్దిగా తెరిచి, మెల్లగా పైకి తెస్తూ చిన్న చిన్న శ్వాసలతో వాసన చూడండి. పచ్చి ఆపిల్ వాసన ఘాటుగా వస్తే అసిటాల్డిహైడ్, గోళ్ల రంగు ద్రావకంలా ఉంటే ఇథైల్ అసిటేట్ అనే రసాయనాలు ఎక్కువయ్యాయని అర్థం. బట్టీలోంచి మొదట దిగే భాగాన్ని తగినంత తీసేయకపోతే ఇవి మిగిలిపోతాయి. చివరి భాగాన్ని ఆలస్యంగా ఆపితే ఫ్యూజల్ ఆల్కహాళ్లు (మామూలు ఆల్కహాల్ కన్నా బరువైనవి) చేరి, జిడ్డుగా, పెయింటు డబ్బా తెరిచినట్టు అనిపిస్తుంది.

తర్వాత రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది, అర నిమిషం ఆగండి. ఆల్కహాల్ ఎగిరిపోయాక చేతుల్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ముడిసరుకు వాసన, అంటే తడి పిండి, తాజా బ్రెడ్డు, ఉడికిన దుంప వంటివి, గ్లాసులో కన్నా స్పష్టంగా తెలియవచ్చు. ఏమీ మిగలకపోతే అది బాగా శుద్ధి చేసిన స్పిరిట్ అని రాసుకోండి. అది లోపం కాదు, ఒక పద్ధతి.

నేరుగా రుచి చూడటం

మొదటి గుక్క నోటికి అలవాటు చేయడానికే. దాన్ని బట్టి ఏమీ తేల్చవద్దు. రెండో గుక్కను, చెంచాలో సగమంత, నాలుక మీద ఐదారు సెకన్లు ఉంచి, మింగి లేదా ఉమ్మి, ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి చాలావరకు అప్పుడే తెలుస్తుంది. మంట ఎంత ఉందనేదానికన్నా ఎక్కడ, ఎంతసేపు ఉందనేది గమనించండి. మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొనే వేడి గ్రాహకాలు ఆల్కహాల్ తగిలితే సుమారు 34 డిగ్రీలకే స్పందిస్తాయి, అంటే మన నోటి వేడే మనకు మంటగా తోస్తుంది. కాబట్టి మంట ప్రతి వోడ్కాలోనూ ఉంటుంది. మంచిదానిలో అది వెచ్చగా పాకి తగ్గిపోతుంది, నాసిరకందానిలో గొంతులో గీరుకుపోయి చేదు వదులుతుంది.

తీపి విషయంలో కాస్త అనుమానంగా ఉండండి. ఐరోపా సమాఖ్యలో లీటరుకు 8 గ్రాముల వరకు, అమెరికాలో 2 గ్రాముల వరకు తీపి కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. కొన్ని చుక్కలను సాసరులో ఆరనిచ్చి వేలితో తాకండి. జిగటగా తగిలితే ఆ మెత్తదనం ధాన్యం నుంచే వచ్చిందని నమ్మనక్కర్లేదు.

ఇప్పుడు గ్లాసులో మిగిలినదానికి సమానంగా నీళ్లు పోసి 20 శాతానికి దించండి. స్పిరిట్లను మిశ్రమం చేసే వృత్తి నిపుణులు కూడా ఇలాగే చేస్తారు. ఘాటు తగ్గడంతో దాక్కున్న లోపాలు బయటపడతాయి. ఇక్కడ కూడా శుభ్రంగా నిలిచిన వోడ్కాను ధైర్యంగా మెచ్చుకోవచ్చు. ఫ్రీజర్ ప్రయోగం ఆఖరున చేయండి. 40 శాతం వోడ్కా గడ్డకట్టాలంటే సుమారు మైనస్ 27 డిగ్రీలు కావాలి, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగుతుంది కాబట్టి అది చిక్కబడుతుందే తప్ప గడ్డకట్టదు.

కాక్‌టెయిళ్లలో

ఇది మరో రోజు పెట్టుకోవడం మేలు. స్పిరిట్‌ను తక్కువగా కప్పే పానీయంతో మొదలుపెట్టి, ఎక్కువగా కప్పేదానితో ముగించాలి. రెండు వోడ్కాలతోనూ ఒకే కొలతలో, సగం పరిమాణంలో చేసుకోండి. మొదట నిమ్మ లేకుండా ఒక వంతు వోడ్కా, రెండు వంతుల సోడా. గ్యాస్ బుడగలు వాసనను పైకి తెస్తాయి కాబట్టి ఇది దాదాపు నీళ్ల పరీక్షంత కఠినమైనది.

తర్వాత మార్టినీ. 30 మిల్లీలీటర్ల వోడ్కా, 5 మిల్లీలీటర్ల డ్రై (తీపి తక్కువగా, మూలికల వాసనతో ఉండే వైన్) వెర్మూత్‌ను మంచు ముక్కలతో అర నిమిషం కలియబెట్టి వడగట్టి, పైన నిమ్మతొక్కను మెలిపెట్టి అందులోని నూనెను చిలకరించండి. స్థానిక వోడ్కా విలువ నిజంగా తేలేది ఇందులోనే. బంగాళాదుంప వోడ్కా చిక్కదనం, గోధుమ వోడ్కా మెత్తదనం ఇక్కడ రాణిస్తాయి. నీటి నాణ్యత బాగాలేని వోడ్కా ఇక్కడ బోలుగా తేలిపోతుంది.

మాస్కో మ్యూల్‌కు 45 మిల్లీలీటర్ల వోడ్కా, 120 జింజర్ బీర్ (అల్లం రుచి ఉన్న గ్యాస్ పానీయం), 10 నిమ్మరసం అన్నది ప్రామాణిక కొలత. దీని పుట్టుక గురించి ఎక్కువగా చెప్పే కథ 1941 నాటిది: అమ్ముడుపోని వోడ్కాతో మద్యం వ్యాపారి జాన్ మార్టిన్, అమ్ముడుపోని జింజర్ బీర్‌తో లాస్ ఏంజెలెస్ పబ్ యజమాని జాక్ మోర్గన్ కలిసి దీన్ని తయారుచేశారట. వోడ్కా తెలియనివారి చేత తాగించడానికి పుట్టిన పానీయం కాబట్టి, వోడ్కాను తూచడానికి ఇది అంతగా పనికిరాదు. రై వోడ్కా చురుకు మాత్రం అల్లం ఘాటును దాటి వినిపిస్తుంది.

చివరిది బ్లడీ మేరీ: 45 వోడ్కా, 90 టమాటా రసం, 15 నిమ్మరసం, ఉప్పు, మిరియాలు, కారపు సాస్. ఇక్కడ వేరొకరి చేత మూడు గ్లాసులు పోయించుకోండి. రెంటిలో ఒకే వోడ్కా, మూడోదానిలో రెండోది. ఏది ఏదో గ్లాసుల అడుగున రాసి ఉంచమనండి. భిన్నమైనది ఏదో మీ ఊహను కాగితంపై రాసి, ఆ తర్వాతే గ్లాసులు తిరగేసి చూడండి. రెండు మూడు సార్లు చేసినా పట్టుకోలేకపోతే టమాటా రసంలోకి చవకైనదే వాడుకుని, స్థానిక సీసాను మార్టినీకి దాచుకోండి.