చర్మ కణితుల స్టెయినింగ్ – 5వ పాఠం: మెలనిన్ గోధుమా, డీఏబీ గోధుమా?

హెచ్ అండ్ ఈ (హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే మామూలు రంగులు వేసిన) స్లైడులో మెలనోమా (మెలనిన్ తయారుచేసే కణాల క్యాన్సర్) అనుమానం వచ్చింది, ఒక్కో ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీలు వేయాలి. ఇక్కడే చిక్కు. యాంటీబాడీ అంటుకున్నచోట రంగు తెచ్చే రసాయనం డీఏబీ ఇచ్చేది గోధుమ రంగు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌దీ అదే. నల్లగా ముద్దకట్టిన కణితిలో మెలన్-ఏ (మెలనిన్ కణాల ప్రోటీన్) పాజిటివో, ఉత్త మెలనినో చెప్పలేం.

అందుకే ఎరుపుకు మారండి: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము, దానితో ఎరుపు ఇచ్చే ఫాస్ట్ రెడ్. సెక్షన్ (కణజాలపు పలుచని కోత) 4 మైక్రాన్లు, కణజాలం గట్టిగా అతుక్కునే ఛార్జ్‌డ్ స్లైడు మీద, 60 డిగ్రీల ఓవెన్‌లో గంట. మామూలు స్లైడు అయితే తర్వాత ప్రెషర్ కుక్కర్‌లో పెట్టినప్పుడు చర్మం లేచిపోతుంది, ముఖ్యంగా కొవ్వు ఉన్నచోట. పారఫిన్ (మైనం) తీశాక, యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్) బయటపడేందుకు కుక్కర్‌లో పీహెచ్ 9 ట్రిస్-ఈడీటీఏ బఫర్‌లో, ప్రెషర్ వచ్చాక 2-3 నిమిషాలు. ఆ బఫర్‌లోనే 20 నిమిషాలు చల్లారనివ్వండి. వేడిమీద బయటికి తీస్తే సెక్షన్ ఎండి, అంచుల్లో లేని రంగు కనిపిస్తుంది.

కడగడానికి ట్రిస్ బఫరే (టీబీఎస్, పీహెచ్ 7.6) వాడాలి. చేతికందిందని పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్) పోస్తే అందులోని ఫాస్ఫేట్ ఎంజైమును అణిచేస్తుంది, ఎరుపు వెలవెలబోతుంది. యాంటీబాడీని నిందించి లాభం లేదు. చాలా ఎరుపు రంగులు ఆల్కహాల్‌లో కరుగుతాయి కూడా. కిట్ కాగితంలో వేరేగా చెప్పకపోతే ఆల్కహాల్ లేని గ్లిసరాల్ జెల్లీతోనే మౌంట్ చేయండి (కవర్ గ్లాస్ అతికించండి).

డీఏబీ కిట్ ఒక్కటే ఉందా? చివర్లో కేంద్రకాలకు నీలం వేసే హిమటాక్సిలిన్ బదులు గీమ్సా అనే రంగు వేయండి. మెలనిన్ ఆకుపచ్చ-నీలంగా మారుతుంది, డీఏబీ గోధుమగానే నిలుస్తుంది. బ్లీచింగ్ (మెలనిన్‌ను రసాయనంతో తెల్లబరచడం) చివరి మార్గం, యాంటిజెన్ దెబ్బతినవచ్చు. ఏం చేసినా ప్రైమరీ యాంటీబాడీ (ప్రోటీన్‌ను నేరుగా పట్టుకునే మొదటి యాంటీబాడీ) వేయని స్లైడు ఒకటి పక్కన పెట్టుకోండి. అందులో కనిపించే గోధుమ ఆ యాంటీబాడీది కాదు.

చదివేటప్పుడు మొదట సాక్స్10 (మెలనిన్ కణాల్లో, నరాల కణాల్లో ఉండే ప్రోటీన్) చూడండి. దాని రంగు కేంద్రకంలో, మెలనిన్ కణద్రవ్యంలో ఉంటాయి కాబట్టి గందరగోళం తక్కువ. మెలనిన్ మింగిన మెలనోఫేజ్‌లు దీనికి నెగటివ్. అదే సెక్షన్‌లో సాక్స్10 పట్టాల్సిన చర్మపు నరమే రంగు పట్టకపోతే ఆ స్లైడు పారేయాల్సిందే.

సాక్స్10 చెప్పేది కణం వంశమే. మామూలు పుట్టుమచ్చ కూడా పాజిటివే. క్యాన్సరా కాదా అన్నది హెచ్ అండ్ ఈ రూపంతో కలిపి చూడాలి. డెస్మోప్లాస్టిక్ మెలనోమాలో (నారలాంటి కణజాలం ఎక్కువగా ఉండే రకం) మెలన్-ఏ, హెచ్‌ఎంబీ45 అనే మరో మెలనోమా గుర్తు తరచూ నెగటివ్ వస్తాయి. ఎస్100 (ఇంకో గుర్తు ప్రోటీన్), సాక్స్10 చూడకుండా రిపోర్టు రాయొద్దు.

వచ్చే పాఠం: బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌లో బెర్-ఈపీ4 యాంటీబాడీ.