వానలు పడేలోగా ఇనుప వంతెన సంగతి చూడండి

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక చినుకు పడేలోగా గడ్డి ఇంటికి చేర్చాలని అందరికీ హడావుడే. కాలువ మీది పాత ఇనుప వంతెనకు అసలు గండం అప్పుడే. పక్కల త్రికోణాలుగా కూర్చిన ఇనుప బద్దలు బరువు మోస్తాయి, పైన అడ్డంగా ఉన్నవి ఆ రెండు పక్కలూ ఒరిగిపోకుండా పట్టుకుంటాయి. ఎత్తుగా కట్టిన లోడు వాటికి తగిలితే పోయింది పెయింటే అనుకుంటాం. 2013లో అమెరికాలోని స్కాగిట్ నది మీద ఒక లారీ లోడు పైబద్దలను గుద్దితే వంతెనలో ఒక భాగం నీళ్లలో పడిపోయింది. అందుకే ఎత్తైన లోడ్లు రాకుండా వంతెన ముందు పెట్టిన ఎత్తు గేటును తీయించేయకండి. "ఒక్క ట్రిప్పేగా" అనేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు లెండి.

కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడే కిందికి దిగి చూడాలి. నీళ్లు వదిలాక ఏమీ కనపడదు. బద్దలు కలిసే మూలల్లో మట్టి, ఆకులు చేరి తడి ఆరదు. అక్కడ పట్టే తుప్పు ఉబ్బి, రెండు రేకుల్నీ విడదీస్తుంది. కోనసీమలో సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. రివెట్టు తల కింద ఎర్రటి చార కనిపిస్తే అది వదులైందేమోనని అనుమానించి, ఫోటో తీసి ఇంజనీరుకు చూపించండి. చందాలేసుకుని వెల్డింగ్ షాపువాణ్ణి మాత్రం పిలవొద్దు. బాగా పాతకాలపు ఇనుము ఇప్పటి స్టీలులా అతుకు పట్టదు, పక్కనే పగులు రావచ్చు.

గుర్రపుడెక్క (నీళ్ల మీద తేలే కలుపు మొక్క) వంతెన స్తంభాలకు అడ్డం పడితే నీళ్లు ఎగదన్నుతాయి. కాలువలు చూసుకునే లష్కర్లకు చెప్పి ముందే తీయించండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి నిండుగా ఉంటే మురుగు కాలువల నీళ్లు దిగవు, వాటి మీది వంతెనలను రోజూ చూస్తుండాలి. వంతెన మీద నీళ్లు పారుతుంటే బైకు కూడా దింపొద్దు.

వరద చూడ్డానికి జనం వంతెన ఎక్కుతారు. 2025 జూన్ 15న పుణె దగ్గర కుండ్‌మళాలో జనంతో నిండిన పాత ఇనుప వంతెన కూలి నలుగురు చనిపోయారు. సెల్ఫీలు గట్టు మీద నుంచే తీసుకోమనండి. బరువు పరిమితి బోర్డు చెరిగిపోయి ఉంటే ఈ వారమే రాయించండి.