ఉచిత న్యాయ సహాయం మధ్యలో ఎందుకు ఆగిపోతుంది: సివిల్ కేసుల్లో సమస్య - పరిష్కారం

పొలం గట్టు గొడవ, అన్నదమ్ముల పంపకం, భర్త నుంచి రావాల్సిన మనోవర్తి, ఇల్లు ఖాళీ చేయమని ఓనరు వేసిన దావా. వీటిలో అరెస్టు భయం ఉండదు కాబట్టి చాలామంది "తర్వాత చూద్దాంలే" అనుకుంటారు. ఈలోగా పొలమో ఇల్లో చేతులు మారిపోతుంది.

ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. ఇది 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. లాయరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, కాగితాలు రాయించే ఖర్చు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా ఇందులోకే వస్తాయి. అయినా చాలా కేసులు లాయరు దాకా వెళ్లకముందే, ఏదో ఒక కాగితం దగ్గరే ఆగిపోతాయి. ఎక్కడెక్కడ ఆగుతాయో, ఆగినప్పుడు ఏం చేయాలో చూద్దాం.

"ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు"

ఇలాంటివాళ్లు ముందు తహసీల్దారు ఆఫీసుకో, పోలీస్ స్టేషనుకో, కలెక్టరేట్ గ్రీవెన్సుకో వెళ్తారు. న్యాయ సహాయం దొరికేది అక్కడ కాదు, కోర్టు ఆవరణలో. జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. దానికి ప్రధాన జిల్లా జడ్జి చైర్మన్, ఇంకో జడ్జి కార్యదర్శి. చిన్న పట్టణాల్లోని కోర్టుల్లో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. జిల్లాలు విడిపోయాక కలెక్టరేట్ ఒక ఊళ్లో, జిల్లా కోర్టు ఇంకో ఊళ్లో ఉన్న చోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. అందుకని దగ్గర్లో ఏ కోర్టు ఉంటే ముందు అక్కడికే వెళ్లి మండల కమిటీ గది అడగండి. వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది టోల్ ఫ్రీ.

"ఆదాయ సర్టిఫికెట్ లేదని తిప్పి పంపారు"

అన్నింటికంటే ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ఇది పూర్తిగా అనవసరమైన అడ్డంకి.

ముందుగా, ఆదాయం అడగాల్సిన అవసరమే లేనివాళ్లు చాలామంది ఉన్నారు. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరద, కరువు, భూకంపం లాంటి విపత్తుల బాధితులు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. భర్తకు మంచి ఉద్యోగం ఉన్నా భార్య అర్హురాలే. ఈ సంగతి తెలియక "మాకు తెల్ల కార్డు లేదు కదా" అని వెనక్కి తగ్గే ఆడవాళ్లు ఎందరో.

మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏడాదికి 3 లక్షలు, సుప్రీంకోర్టు కేసులకు 5 లక్షలు. దీనికి కూడా మీసేవ చుట్టూ తిరగక్కర్లేదు. ఆదాయం గురించి ప్రమాణం చేసి మీరు రాసిచ్చే అఫిడవిట్‌ను, దాన్ని నమ్మకపోవడానికి కారణం లేనంతవరకు, సరిపోయినట్టే తీసుకోవచ్చని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. కౌంటర్ దగ్గర "సర్టిఫికెట్ కావాలి" అంటే గొడవ పడొద్దు. "13వ సెక్షన్ కింద అఫిడవిట్ ఇస్తున్నాను, తీసుకోండి" అని మర్యాదగా చెప్పండి. కాదంటే కార్యదర్శిని కలుస్తానని అడగండి.

రాయడం రానివాళ్లను కూడా వెనక్కి పంపకూడదు. వాళ్లు చెప్పింది అక్కడివాళ్లే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి.

"అప్లికేషన్ ఇచ్చాం, ఎవరూ పిలవలేదు"

కారణాలు రెండు. ఒకటి, అప్లికేషన్‌లో విషయం ఉండదు. "నా భూమి ఆక్రమించారు, న్యాయం చేయగలరు" అని రాస్తే అది ఏ కోర్టు కేసో, ఎంత తొందరో తెలియదు. ఇలా రాసి చూడండి:

"ఫలానా సర్వే నంబరులో మా మామగారి పేరున 3 ఎకరాలు ఉంది. 1-బి కాపీ జతపరిచాను. మామగారు, నా భర్త చనిపోయారు. మొత్తం భూమిని నా మరిది దున్నుతున్నాడు. అమ్మడానికి అగ్రిమెంటు రాసుకున్నాడని గత వారం తెలిసింది. అమ్మకుండా ఇంజంక్షన్ కావాలి, నా భర్త వాటా పంచి ఇప్పించాలి."

ఎవరు, ఏ ఆస్తి, ఏం జరిగింది, ఏం కావాలి. ఇవి ఉంటే చూసేవాళ్లకు అర్థమైపోతుంది. అడంగల్ లేదా పహాణీ, పాస్‌బుక్, మరణ ధ్రువీకరణ పత్రాల జిరాక్సులు పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

రెండో కారణం, రశీదు తీసుకోకపోవడం. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అప్లికేషన్ మీద వీలైతే అదే రోజు, మించితే 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలని జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2010 నిబంధనలు చెబుతున్నాయి. ఎనిమిదో రోజున ఆ ముద్ర ఉన్న కాపీ పట్టుకుని వెళ్లి అడగండి. తిరస్కరిస్తే చైర్మన్‌కు, అంటే జిల్లా జడ్జికి, అప్పీలు చేసుకోవచ్చు.

"సమన్లు వచ్చి చాలా రోజులైంది"

ఇది మాత్రం అత్యవసరం. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు దయతలిస్తే 90 రోజుల దాకా. న్యాయ సహాయానికి అప్లికేషన్ పెట్టినంత మాత్రాన ఆ గడువు ఆగదు. అందుకే అప్లికేషన్ పైనే పెద్ద అక్షరాలతో వాయిదా తేదీ రాయండి. ఆ రోజుకు లాయరును కేటాయించకపోయినా మీరే కోర్టుకు వెళ్లండి. పేరు పిలవగానే "న్యాయ సహాయానికి దరఖాస్తు పెట్టుకున్నానండి, టైం ఇవ్వండి" అని జడ్జిగారికి చెప్పి, ముద్ర ఉన్న కాపీ చూపించండి. కోర్టులో మాట్లాడాలంటే టెన్షన్ సహజమే, కానీ ఆ ఒక్క మాట చాలు. వెళ్లకపోతే ఎక్స్ పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే మీకు వ్యతిరేకంగా తీర్పు, వచ్చేస్తుంది. దాన్ని కొట్టేయించడానికి గడువు మామూలుగా 30 రోజులే, పైగా రాకపోవడానికి సరైన కారణం చూపించాలి.

"లాయరును ఇచ్చారు, కానీ..."

ప్యానెల్ లాయరు, అంటే సంస్థ మీకు కేటాయించిన లాయరు, డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. ఆయనకు ఫీజు సంస్థే ఇస్తుంది, మీ దగ్గర తీసుకోవడానికి వీల్లేదు. ఆ ఫీజు బయటి ఫీజులతో పోలిస్తే చాలా తక్కువన్నది నిజం. దాన్ని పెంచాలని అడగడం న్యాయమే, కానీ ఆ లోటును పేదవాడి జేబులోంచి పూడ్చకూడదు. ఎవరైనా అడిగితే తేదీతో సహా కార్యదర్శికి రాసివ్వండి.

ఫోన్ ఎత్తకపోవడం, ఏం జరుగుతోందో చెప్పకపోవడం ఇంకో సమస్య. మీ కేసుకు కోర్టు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఒక్కటి అడిగి రాసుకోండి. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో అది కొడితే వచ్చే వాయిదా ఎప్పుడో, గత వాయిదాకు ఏం జరిగిందో కనిపిస్తుంది. వాయిదాలకు లాయరు రావడం లేదని తేలితే, ఆ తేదీలు రాసి లాయరును మార్చమని అడగండి.

"లోక్ అదాలత్‌లో రాజీ పడమంటున్నారు"

లోక్ అదాలత్ అంటే రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే చోటు. మంచి దారే, ఇష్టపడి వెళ్తే. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, కేసు ఆ రోజే ముగుస్తుంది. కానీ లోక్ అదాలత్ అవార్డు, అంటే ఆ రాజీ మీద అక్కడిచ్చే ఉత్తర్వు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రాజీ కాగితం పూర్తిగా చదివించుకుని, ఎంత భూమి, ఏ హద్దులు, ఎంత డబ్బు, ఏ తేదీలోగా అన్నవి ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి. ఇష్టం లేకపోతే వద్దనండి, కేసు మళ్లీ కోర్టుకే వెళ్తుంది, మీకేమీ నష్టం ఉండదు.

కరెంటు, నీళ్లు, ఆసుపత్రి, ఇన్సూరెన్సు గొడవలైతే కోర్టుకు వెళ్లకముందే పర్మనెంట్ లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. 1 కోటి రూపాయల విలువ దాకా చూస్తారు, ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు కూడా ఇవ్వగలరు.

"ఆదాయం కొంచెం ఎక్కువైందని కాదన్నారు"

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డర్ ఉంది. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని చూపించి, ఫీజు లేకుండా దావా వేయడానికి కోర్టు అనుమతి అడగొచ్చు.

ఊళ్లో సాయం చేయాలనుకునేవాళ్లకు

డ్వాక్రా సంఘాలు, టీచర్లు, చదువుకున్న పిల్లలు చట్టం మొత్తం నేర్చుకోనక్కర్లేదు. పంచాయతీ గోడ మీద మూడు సంగతులు రాయించండి: దగ్గర్లోని కోర్టులో మండల కమిటీ గది ఎక్కడుందో, 15100 నంబరు, ఆడవాళ్లకూ ఎస్సీ ఎస్టీలకూ ఆదాయ పరిమితి లేదన్న మాట. ఎవరికైనా సమన్లు వస్తే చదివి పెట్టి, వాయిదా తేదీ చెప్పి, ఆ వారంలోనే కోర్టుకు తోడు వెళ్లండి.