మంత్రిని ప్రశ్న అడగడం నేర్చుకుందాం – మూడో పాఠం: ఒక్క కుర్రాడు, నాలుగు సీట్లు

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చాలామందే చేశారు, సంతోషం. మీ ఊళ్ళో జరిగిన ఒక సంగతి తీసుకుని ఎంపీ చేత పార్లమెంటులో కేంద్ర హోం మంత్రికి వేయించే ప్రశ్నగా మలచమన్నాను కదా, వచ్చిన వాటిలో సగానికి పైగా ప్రశ్నలు కావు, శాపనార్థాలు. "దొంగ ఏజెంట్లు మా పిల్లల్ని అమ్ముకుంటుంటే పోలీసులు గుడ్లప్పగించి చూస్తున్నారా?" అని శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు నుంచి ఒకాయన రాశారు. ఆయన్ని తప్పుపట్టను. నేను మొదటిసారి రాసింది అంతకంటే ఘోరం.

మా చిన్నాన్నావాళ్ళది పలాస దగ్గర. ఆయన కొడుకు డిగ్రీ సగంలో ఆపేసి, బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అన్న ఒక ఏజెంటుకి లక్షన్నర కట్టి వెళ్ళాడు. దిగిన రెండు రోజులకే రోడ్డు మార్గాన కంబోడియాలోకి దాటించేశారు. అక్కడ పనేమిటంటే ఫోన్లో ఆడపిల్లలా చాట్ చేస్తూ మన దేశంలో వాళ్ళనే ముంచడం. తిరిగి రావాలంటే పాస్‌పోర్టు ఇవ్వడానికి మళ్ళీ డబ్బు. పిన్ని పుస్తెలతాడు తప్ప ఇంట్లో ఉన్న బంగారమంతా తాకట్టుకెళ్ళిపోయింది. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కంబోడియా ముఠాల సంగతి బయటపెట్టి, అక్కడ చిక్కుకున్నవాళ్ళు కొందరు తిరిగొచ్చినప్పుడు టీవీ ముందు కూర్చుని చిన్నాన్న, "అయితే మనోడొక్కడే కాదన్నమాట" అన్నాడు. అందులో బాధ ఎంతో, ఊరట ఎంతో నాకు తెలియలేదు.

ఆ ఊపులో నేను రాసిన ప్రశ్న ఇది: "ఫలానా ఏజెంటు శ్రీకాకుళం కుర్రాళ్ళని అమ్ముకుంటుంటే కేంద్ర ప్రభుత్వం ఎందుకు చేతులు ముడుచుకు కూర్చుంది? ఇలాంటి వాళ్ళకి ఉరిశిక్ష వేసే చట్టం తేవాల్సిన అవసరం లేదా? కోర్టులో ఉన్న కేసు ఎప్పుడు తేలుతుంది? బాధితుల డబ్బు ఎవరిస్తారు?" తీసుకెళ్ళి ఒక ఎంపీ గారి ఆఫీసులో ఇచ్చాను. పీఏ గారు ఆసాంతం చదివి, మడతపెట్టి, "మాస్టారూ, దీన్ని పేపరుకి పంపండి, బాగుంటుంది" అన్నారు. ఒళ్ళు మండింది గానీ ఆయన చెప్పింది నిజం.

లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ఒకటుంది, దాన్ని పక్కన పెట్టుకుని నా నాలుగు వాక్యాలూ చూడండి. ప్రశ్నలో వాదన, ఎత్తిపొడుపు, నింద ఉండకూడదు, కాబట్టి "చేతులు ముడుచుకు" పోయింది. అభిప్రాయం అడగకూడదు, ఉరిశిక్ష పోయింది. కోర్టు విచారణలో ఉన్నది అడగకూడదు, మూడోది కూడా పోయింది. ఒక మనిషి నడవడిక గురించి, అతను ప్రభుత్వ హోదాలో చేసిన పని అయితే తప్ప, అడగకూడదు, ఏజెంటు పేరు ఎగిరిపోయింది. మొత్తం 150 మాటలు దాటకూడదు. ఇంకోటి, చాలామందికి తెలియనిది: ప్రశ్నలో ఏదైనా విషయం నిజమని రాస్తే, ఆ నిజానికి పూచీ అడిగిన సభ్యుడిదే. ఎంపీ ఆఫీసుల్లో "కాగితం ఏదైనా ఉందా?" అని అంతలా ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైందా? మిమ్మల్ని అనుమానించి కాదు, వాళ్ళ మెడకు చుట్టుకుంటుందని.

ఇక అసలు పాఠం. కలెక్టరాఫీసులో ఏ పనికెళ్ళినా "అది నా సీటు కాదండీ" అంటారు చూశారా, ఢిల్లీలో కూడా అదే మాట, కాకపోతే కాస్త పెద్ద భాషలో. హోం మంత్రిని పోలీసుల గురించి ఏం అడిగినా జవాబు మొదటి వాక్యం ఇంచుమించు ఒకటే: రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర ప్రభుత్వ అంశాలు. ఆ వాక్యం తర్వాత మీరడిగింది ఎంత మిగులుతుందో అదే మీ ప్రశ్న విలువ. బ్రిటన్‌లో అయితే పోలీసు, నేరాలు, వలస మూడూ హోం ఆఫీస్ అనే ఒక్క శాఖ చూస్తుంది (స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ పోలీసుల సంగతి వేరు), అక్కడి ఎంపీలకి ఒకే మంత్రిని పట్టుకుంటే చాలావరకు పనైపోతుంది. మనకు అలా కుదరదు, ముక్కలు చేసుకోవాలి.

ఆ ముక్కలు ఎలా చెయ్యాలో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా తమ్ముడి పాస్‌పోర్టు చెప్పింది. ఒక ఆదివారం పిన్ని వంటింటి గుమ్మంలో చేటలో బియ్యం ఏరుతోంది, వాడు పాస్‌పోర్టు తెచ్చి నా ముందు పడేశాడు, ఇద్దరం పేజీలు తిప్పాం. మన దేశం దాటినట్టు ఒక ముద్ర. దాని కింద థాయిలాండ్‌లో దిగిన ముద్ర, రెండు రోజుల తేడాతో థాయిలాండ్ దాటిన ముద్ర, అదే తేదీతో కంబోడియా ముద్ర. మొదటి ముద్ర మీద వేలు పెట్టి వాడు, "ఇక్కడ అడిగినారన్నయ్యా, ఎందుకెల్తన్నావని. సూడ్డానికని సెప్పమన్నాడు ఏజెంటు, అదే సెప్పినాను" అన్నాడు. పిన్ని చేట కింద పెట్టేసింది. "అడిగినోడు ఇంకో మాట అడిగుంటే బాగున్ను" అంది, అంతే, మళ్ళీ ఏరడం మొదలెట్టింది.

ఆ ముద్ర వేసేది బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్, అది కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తుంది. ఇది రాష్ట్రం సబ్జెక్టు అనడానికి లేదు! హోం మంత్రి తప్పించుకోలేని మొదటి సీటు అది. రెండోది, అక్కడ వాడిచేత చేయించిన ఆన్‌లైన్ మోసాల సంగతి: సైబర్ మోసాలపై ఫిర్యాదుకి ఫోన్ చేసే 1930 నంబరు, ఇండియన్ సైబర్ క్రైమ్ కోఆర్డినేషన్ సెంటర్, ఇవి కూడా హోం శాఖవే. ఏజెంటు దగ్గరికొచ్చేసరికి మంత్రి మారిపోతాడు. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు, ఇదంతా చూసేది విదేశాంగ శాఖ. (మావాడు లక్షన్నర కట్టాడని చెప్పాను కదా, ఆ ఒక్క అంకెలోనే నేరం ఉంది, మాకు అప్పుడు తెలీదు.) ఇక నాలుగోది, స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టారా, దర్యాప్తు ఎంతవరకొచ్చింది, ఇది మాత్రం అమరావతిలో అసెంబ్లీలో రాష్ట్ర హోం మంత్రి వంగలపూడి అనిత గారిని మన ఎమ్మెల్యే అడగాల్సింది. ఢిల్లీకి మోసుకెళ్ళి ప్రయోజనం లేదు.

మీరు పంపినవాటిలో ఎక్కువ తప్పు ఇక్కడే జరిగింది. నాలుగు సీట్లనీ ఒకే ప్రశ్నలో కుక్కేశారు. అలా కుక్కితే వాళ్ళకి పని సులువు, తమది కాని ముక్క పట్టుకుని మిగతా మూడూ దాటేస్తారు.

రెండో తప్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రశ్నని చంపేస్తుంది. మన అసెంబ్లీ ప్రశ్నల పాత వరస మీకు తెలిసే ఉంటుంది: "దయతో తెలియజేయుదురా: (ఎ) ఫలానా మాట వాస్తవమేనా, (బి) అయినచో, ఆ వివరములు, (సి) తీసుకున్న చర్యలు." చూడ్డానికి మర్యాదగా, అందంగా ఉంటుంది. జవాబు చూడండి: "(ఎ) కాదండి. (బి), (సి): ప్రశ్న ఉత్పన్నం కాదు." మూడు ముక్కలు, రెండు లైన్ల జవాబు. "శ్రీకాకుళం జిల్లా యువకులను పెద్ద సంఖ్యలో విదేశాలకు అక్రమంగా తరలిస్తున్న మాట వాస్తవమేనా" అని మీరు రాస్తే, "పెద్ద సంఖ్య" అంటే ఎంతో మీరు చెప్పలేదు కాబట్టి, కాదండి అనడం వాళ్ళకి అబద్ధం కూడా కాదు. తాళం మీరే చేయించి తాళంచెవి వాళ్ళ చేతికిచ్చినట్టు. అందుకని నా పద్ధతి, "వాస్తవమేనా" మీద దేన్నీ వేలాడదీయను. ఎన్ని, ఏ ఏడాది, ఏ రాష్ట్రం, అంతే. "ఎందుకు" అసలే రాయను. ఎన్ని అని అడిగితే, సున్నా అని చెప్పాలన్నా చెప్పాల్సిందే.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి తిరగరాస్తే రెండు ప్రశ్నలైంది. మొదటిది ఇలా ఉంది:

"విదేశాంగ మంత్రి దయతో తెలియజేస్తారా: (ఎ) గత మూడేళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ లేని రిక్రూటింగ్ ఏజెంట్లపై అందిన ఫిర్యాదులెన్ని, ఏడాదివారీగా, జిల్లావారీగా, (బి) వాటిలో రాష్ట్ర పోలీసులకు పంపినవెన్ని, (సి) ఎమిగ్రేషన్ చట్టం, 1983 కింద ప్రాసిక్యూషన్‌కు అనుమతి కోరుతూ రాష్ట్రం నుంచి వచ్చినవెన్ని, అనుమతి ఇచ్చినవెన్ని, పెండింగులో ఉన్నవెన్ని?"

(సి) చూశారా, అదే దీనిలో ముల్లు. ఆ చట్టం కింద ఏజెంటుని కోర్టుకి ఈడ్చాలంటే మామూలుగా కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. అంటే ఫైలు రాష్ట్రంలో ఆగిందా, ఢిల్లీలో ఆగిందా అన్నది మూడు అంకెల్లో బయటపడిపోతుంది, మనం ఎవర్నీ ఒక్క మాట అనకుండా.

రెండోది హోం మంత్రికి: "(ఎ) గత మూడేళ్ళలో టూరిస్టు వీసాపై థాయిలాండ్, కంబోడియా, లావోస్, మయన్మార్‌లకు బయల్దేరి తిరిగి వచ్చిన నమోదు లేని భారతీయులెందరు, రాష్ట్రాలవారీగా, (బి) అదే కాలంలో బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ కౌంటర్ల వద్ద అనుమానంతో ఆపినవారెందరు, (సి) ఆ ప్రయాణికులను అడగడానికి సిబ్బందికిచ్చిన మార్గదర్శకాలు ఏ తేదీన జారీ అయ్యాయి?" పిన్ని అన్న "ఇంకో మాట" ఇక్కడ (సి)లో కూర్చుంది, పార్లమెంటు భాష కట్టుకుని.

టూరిస్టు వీసా అని ప్రత్యేకంగా ఎందుకంటే, పదో తరగతి పాస్ కానివాళ్ళు ఉద్యోగం కోసం 18 దేశాలకి వెళ్ళాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. గల్ఫ్ దేశాలున్నాయి అందులో, థాయిలాండ్ కూడా ఉంది, కంబోడియా లేదు. పైగా చూడ్డానికి వెళ్తున్నానంటే ఆ క్లియరెన్స్ అడగరు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి మేస్త్రీ పనులకి వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు, డిగ్రీ చదివిన పిల్లలకే తెలీదు, వాళ్ళకసలు ఆ క్లియరెన్స్‌తో పనిలేదు కాబట్టి.

అంకెలు అడిగేటప్పుడు రెండు గోతులున్నాయి, నేను రెండిట్లోనూ పడ్డాను. ఒకటి జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయ్యాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకెళ్ళింది, రాజాం విజయనగరంలో కలిసింది. 2021కీ 2023కీ శ్రీకాకుళం నేరాల లెక్క పక్కపక్కన పెట్టి "తగ్గాయి" అనేస్తే, తగ్గింది నేరాలో జిల్లాయో తెలీదు. అందుకని "2022 ఏప్రిల్ తర్వాత" అని మొదలెట్టండి, లేదంటే మూడు జిల్లాలూ కలిపి అడగండి. రెండోది చట్టం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. చీటింగ్ 420 కాదు, 318. మనుషుల అక్రమ రవాణా 370 కాదు, 143. పాత సెక్షన్ ఒక్కటే రాస్తే పాత కేసులే వస్తాయి. రెండూ రాయండి.

ఇక దీన్ని ఎవరి చేత అడిగించాలి? శ్రీకాకుళం వాళ్ళకి ఇక్కడో చిక్కుంది. మన ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి, మంత్రి జవాబు చెప్పే వైపు కూర్చుంటారు, ప్రశ్న వెయ్యరు. అంతమాత్రాన దిగులక్కర్లేదు. ఏ ఎంపీ అయినా ఏ జిల్లా గురించయినా అడగొచ్చు, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు ఉన్నారు, రాజ్యసభ సభ్యులున్నారు. నోటీసుకి 15 రోజుల ముందస్తు గడువుంటుంది, అందుకని సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే ఆలస్యమైపోతుంది, తేదీలు ప్రకటించగానే కాగితం వాళ్ళ టేబుల్ మీద ఉండాలి. చుక్క గుర్తు లేని ప్రశ్నకే ఇవ్వండి (చుక్క గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, లేనిదానికి రాతలో ఇస్తారు). లోక్‌సభలో రోజుకి చుక్క గుర్తువి 20, లేనివి 230 అని మొదటి పాఠంలో చెప్పుకున్నాం, ప్రశ్నల వరస తేల్చే లాటరీలో ఎక్కడ తగులుతుందో మీరే లెక్కేసుకోండి. పైగా మనకి కావలసింది మంత్రి గారి గొంతు కాదు, రాతపూర్వకంగా అంకెలు.

వచ్చే పాఠం దాకా పని. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మంది ఇటు అడుగుపెట్టిన సంగతి మీ అందరికీ గుర్తే. భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు మార్చుకుంటాయి. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారాన్ని ప్రశ్నగా అడగకూడదని కూడా 41వ నియమంలోనే ఉంది, అంటే మొత్తం ఎంతమంది ఉన్నారని అడిగితే కొట్టేయొచ్చు. ఆ జాబితాలో లేనిదేమిటో వెతకండి. ఏ మంత్రికో తేల్చుకోండి, ఇది కూడా ఒక్క సీటు కాదు. 150 మాటలు, "వాస్తవమేనా" ఒక్కసారి కూడా రాకూడదు. రాశాక, వేటకెళ్ళే ఇంటివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి పైకి చదివి వినిపించి, వాళ్ళు ఏ ముక్క దగ్గర ఆపారో అది కూడా కింద రాసి పంపండి.