బెంగళూరులో ప్రెషర్ రీడింగులు: సమస్య - పరిష్కారం

పీఎస్ఐ, బార్, కిలోపాస్కల్ అన్నీ ప్రెషర్ (పీడనం) కొలిచే యూనిట్లే. పీఎస్ఐని బార్‌లోకి, బార్‌ని కిలోపాస్కల్‌లోకి మార్చడానికి ఫోన్‌లో యాప్ చాలు. అయినా రీడింగ్ కుదరట్లేదంటే గుణకారంలో తప్పు ఉండటం తక్కువే. ఆ అంకెను ఏ సున్నా నుంచి లెక్కపెట్టారో ముందు చూడాలి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనం 910 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది, చెన్నైలో 1010 దగ్గర. కింద ఉన్న చిక్కుల్లో కొన్ని ఈ వంద తేడాతో వచ్చేవే.

వాక్యూమ్ పంపు ఎంతసేపు తిప్పినా ముల్లు 27 దాటట్లేదు

ఏసీ మెకానిక్‌లకు బాగా తెలిసిన బాధ ఇది. మాన్యువల్‌లో 29 అంగుళాల వాక్యూమ్ రావాలని ఉంటుంది, ముల్లేమో 27 దగ్గరే ఆగిపోతుంది. ఆయిల్ మారుస్తారు, హోస్‌లు మారుస్తారు, చివరికి "అన్నా, పంపు పోయింది" అని తేల్చేస్తారు.

పంపు బాగానే ఉంది. ఆ గేజ్ బయటి గాలితో పోల్చి, లోపల ఎంత తగ్గిందో చూపిస్తుంది. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 760 మి.మీ. పాదరసం, అంటే 29.9 అంగుళాలు. బెంగళూరు 910 మిల్లీబార్లను అలాగే మారిస్తే సుమారు 683 మి.మీ., అంటే 26.9 అంగుళాలు. ఉన్న గాలంతా లాగేశాక ఇంకా లాగడానికి ఏముంటుంది? ఆ మాన్యువల్ రాసినవాళ్లు సముద్రం పక్కన కూర్చుని రాసి ఉంటారు.

వాక్యూమ్ సరిపోయిందా లేదా అన్నది ఈ గేజ్‌తో తేల్చకండి, మైక్రాన్ గేజ్ పెట్టండి. అది అసలు సున్నా నుంచి, అంటే గాలి ఏమాత్రం లేని స్థితి నుంచి లెక్కిస్తుంది. 500 మైక్రాన్లంటే 0.5 మి.మీ. పాదరసం, సుమారు 67 పాస్కల్స్. అది ఏ ఊళ్లోనైనా ఒకటే. ముల్లు 25 దగ్గరే ఆగితే అప్పుడు లీకు వెతకండి. ఇక బెంగళూరులో ముల్లు 29 చూపిస్తోందా? అయితే గేజ్‌దే తప్పు. హోస్ విప్పి, గాలికి వదిలి, ముల్లును సున్నాకు సరిచేయండి.

లైన్ ఖాళీగా ఉన్నా ట్రాన్స్‌మిటర్ 0.91 బార్ చూపిస్తోంది

బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో ఏ ప్లాంటుకు వెళ్లినా ఇలాంటిది ఒకటి ఎదురవ్వొచ్చు. లైన్‌లో ప్రెషర్ కొలిచి అంకె పంపే కొత్త ట్రాన్స్‌మిటర్ బిగించగానే 0.91 కనిపిస్తుంది. "జీరో పోయింది" అని ఎవరో ఒకరు జీరో ట్రిమ్ నొక్కేస్తారు, అంటే ఉన్న రీడింగ్‌నే సున్నాగా పెట్టేస్తారు. నొక్కే ముందు నేమ్‌ప్లేట్ చూడాలి. యూనిట్ పక్కన 'జీ' అని ఉంటే అది గేజ్ ప్రెషర్, అంటే బయటి గాలిని సున్నాగా తీసుకున్నది; 'ఏ' అని ఉంటే అబ్సొల్యూట్, అంటే అసలు సున్నా నుంచి లెక్కించినది. అబ్సొల్యూట్ అయితే ఆ 0.91 ఊరి గాలి పీడనమే, రీడింగ్ సరిగ్గా ఉన్నట్టే. జీరో నొక్కితే అక్కడి నుంచి ప్రతి రీడింగూ 0.91 బార్ తక్కువగా వస్తుంది.

గేజ్ విలువ కావాలంటే లెక్కలో తీసేయండి. తీసేయాల్సింది 0.91, పుస్తకాల్లో ఉండే 1.013 కాదు. ఈ రెంటి మధ్య ఉన్న 0.1 బార్ తేడా 10 బార్ల లైన్‌లో ఎవరికీ పట్టదు. 0.2 బార్ల దగ్గర మాత్రం సగం రీడింగ్ ఎగిరిపోతుంది.

ఇక్కడి గాలి పీడనం ఆ రోజు ఎంతో తెలియాలంటే బారోమీటర్ ఉన్న ఫోన్ పనికొస్తుంది. వాతావరణ వార్తల్లో వచ్చే 1012 వాడొద్దు. మ్యాపులు గీయడానికి వీలుగా దాన్ని సముద్ర మట్టానికి సవరించి చెబుతారు. ఫోన్ 910, వార్తలు 1012 అంటే రెండూ నిజమే.

గేజ్‌ని కాలిబ్రేషన్‌లో (సరిచూసే పరీక్షలో) ఫెయిల్ చేశారు

షాపుల్లో "ఎనిమిది కేజీల ప్రెషర్" అంటే చదరపు సెంటీమీటరుకు 8 కేజీలు. అది 7.85 బార్, 114 పీఎస్ఐ. కేజీని, బార్‌ని ఒకటే అనుకుని కేజీల గేజ్‌ని బార్ మాస్టర్‌తో (సరిచూడటానికి వాడే ప్రామాణిక గేజ్‌తో) పోలిస్తే, 8 దగ్గర, 10 కేజీల స్కేల్ మీద ఒకటిన్నర శాతం తేడా వస్తుంది. స్కేల్‌లో 1 శాతం తప్పు వరకే అనుమతించే 1 శాతం క్లాస్ గేజ్ ఫెయిల్ అవ్వడానికి అది చాలు. కేజీ విలువను 0.981తో గుణించి మళ్లీ పోల్చండి. కంప్రెసర్ దగ్గర రోజువారీ పనికి ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు.

పై అంతస్తులో వాషింగ్ మెషీన్ నీళ్లు రావట్లేదని ఆగిపోతోంది

మాన్యువల్‌లో కనీస ప్రెషర్ 0.05 మెగాపాస్కల్ అని ఉంటే అదేదో చిన్న అంకె అనుకోకండి. అది అర బార్, అంటే ట్యాంకులో నీళ్లు మెషీన్ కంటే 5 మీటర్లు పైన ఉండాలి. పై అంతస్తుకు, ట్యాంకుకు మధ్య 3 మీటర్లే ఉంటే 0.3 బార్ మించి రాదు. ముందు మెషీన్ ఇన్‌లెట్ జాలీ కడిగి చూడండి, బోరు నీళ్లకు అది తొందరగా మూసుకుపోతుంది. ఆ తర్వాతే ప్రెషర్ పంపు గురించి ఆలోచించండి.

టైరు, బీపీ

కారు స్టిక్కర్ మీద 230 కిలోపాస్కల్ అని ఉండి, బంకులో పీఎస్ఐ అడిగితే 7తో భాగించండి, 33 వస్తుంది. ఇది గేజ్ విలువే, బెంగళూరు ఎత్తు కోసం మార్చనక్కర్లేదు. ఇక్కడ గాలి కొట్టించుకుని చెన్నై దిగితే, వేడి తేడా లేకపోతే, ఒకటిన్నర పీఎస్ఐ తగ్గినట్టు కనిపిస్తుంది. వెంటనే పంక్చర్ అనుకోకండి.

ఇంట్లో బీపీ మెషీన్ ఉన్నట్టుండి 16, 10.7 చూపిస్తే టెన్షన్ పడొద్దు. బటన్ ఎక్కువసేపు నొక్కడం వల్ల యూనిట్ కిలోపాస్కల్‌కి మారి ఉండొచ్చు. స్క్రీన్ మీద యూనిట్ చూసి, 7.5తో గుణించండి. 120, 80 వస్తుంది.