కార్బన్ పట్టే యూనిట్‌లో శాతం పడిపోతే ఆవిరి కంటే ముందు గంధకాన్ని చూడండి

సమస్య: బొగ్గు విద్యుత్ కేంద్రపు పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే అమైన్ యూనిట్ (ఆ వాయువును పీల్చుకునే అమైన్ అనే రసాయనం ద్రావకంగా తిరిగే యూనిట్) మొదట్లో 90 శాతం దాకా పడుతుంది. కొన్ని వారాలకు పొగ, ద్రావక ప్రవాహం మారకపోయినా ఆ శాతం తగ్గుతూ వస్తుంది, టన్నుకు ఖర్చయ్యే ఆవిరి మాత్రం పెరుగుతుంది.

ఇలాంటప్పుడు దాదాపు ప్రతిచోటా వెంటనే రీబాయిలర్‌కు (ద్రావకాన్ని ఆవిరితో వేడిచేసే పాత్రకు) ఆవిరి పెంచుతారు. దయచేసి అది చేయకండి. ముందుగా స్ట్రిప్పర్ (ద్రావకం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేడితో విడదీసే స్తంభం) అడుగు నుంచి లీన్ ద్రావకం, అంటే వాయువు విడిపోయాక మిగిలే ద్రావకం, నమూనా తీసి, అందులో ఎంత కార్బన్ డయాక్సైడ్ మిగిలిందో పరీక్షించండి. అది మామూలు స్థాయిలోనే ఉంటే ఆవిరికి కొరత లేదు, లోపం ద్రావకంలోనే ఉంది. ఇంత చిన్న పరీక్షను వదిలేసి ఆవిరి పెంచితే ద్రావకం 120 డిగ్రీలు దాటి వేడెక్కి మరింత వేగంగా చెడిపోతుంది.

అసలు కారణం ఎక్కువగా సల్ఫర్ డయాక్సైడే. అమైన్ పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్ స్ట్రిప్పర్ వేడికి విడిపోతుంది కాని, సల్ఫర్ డయాక్సైడ్ వల్ల ఏర్పడే లవణాలు ఆ వేడికి విడిపోవు. ఒక్కో సల్ఫేట్ అయాన్ రెండు అమైన్ అణువులను కట్టిపడేస్తుంది. సాంద్రతతో కొలిస్తే అమైన్ 30 శాతం ఉన్నట్టే కనిపిస్తుంది గాని, అందులో కొంత పనికి రానిదై ఉంటుంది. అందుకే సాంద్రతను నమ్మకుండా, ఆమ్లంతో టైట్రేషన్ చేసి ఇంకా పనిచేయగల అమైన్ ఎంతో తెలుసుకోవాలి, వేడికి విడిపోని లవణాలను విడిగా కొలవాలి.

ఈ కారణం దాగి ఉండడానికి అలవాటైన ఒక నమ్మకమే మూలం. చిమ్నీ మానిటర్ ప్రమాణాల లోపలే చూపిస్తోంది కాబట్టి గంధకం సమస్య లేదని అనుకుంటారు. మన దేశంలో 2015 నాటి ప్రమాణాల ప్రకారం, 2017 జనవరి నుంచి వచ్చిన యూనిట్లకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే సుమారు 35 పీపీఎం (పది లక్షల భాగాల్లో 35). మోనోఇథనాల్ అమైన్ (ఎక్కువగా వాడే అమైన్) వాడే అబ్జార్బర్‌కు, అంటే పొగను ద్రావకంతో కలిపే స్తంభానికి మాత్రం 10 పీపీఎం లోపే కావాలి. చట్టాన్ని పూర్తిగా పాటించిన యూనిట్ కూడా అమైన్‌కు మూడున్నర రెట్లు ఎక్కువ గంధకాన్ని పంపగలదు. మన బొగ్గులో గంధకం తక్కువే కదా అనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే అరశాతం గంధకమున్న బొగ్గును కాల్చినా ఎఫ్‌జీడీ (పొగ నుంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తీసే వ్యవస్థ) లేకుంటే వందల పీపీఎం వస్తుంది. 2025 జూలైలో కేంద్రం చాలా యూనిట్లకు ఎఫ్‌జీడీ నుంచి మినహాయింపు ఇచ్చింది గనుక, వాటి పక్కన కార్బన్ యూనిట్ కట్టేవారు ఈ లెక్కను మొదటే వేసుకోవాలి. ఎఫ్‌జీడీ ఉన్నచోట కూడా తిరిగే గ్యాస్ హీటర్‌లో (శుద్ధికాని పొగ వేడితో శుద్ధయిన పొగను వేడిచేసేది) లీకేజీ వల్ల శుద్ధికాని పొగ కలిసిపోతుంది కాబట్టి కొలత అబ్జార్బర్ ప్రవేశం దగ్గరే తీసుకోవాలి.

పరిష్కారంలో వరుస ముఖ్యం. మొదట అబ్జార్బర్‌కు ముందు సోడా స్క్రబ్బర్ (సోడా ద్రావణంతో పొగను కడిగేది) పెట్టి, లేదా ఉన్నదాన్ని సరిచేసి, మూలాన్ని ఆపాలి. ద్రావకంలోనే సోడా కలిపితే అమైన్ విడుదలవుతుంది గాని, సోడియం లవణం అందులోనే పేరుకుంటుంది కాబట్టి అది తాత్కాలికమే. లవణాన్ని బయటకు తీయవలసింది రీక్లెయిమర్ (చెడిన ద్రావకాన్ని శుద్ధిచేసే పరికరం) తోనే.

తర్వాత బూడిద సంగతి. కెనడాలోని బౌండరీ డామ్ బొగ్గు విద్యుత్ కేంద్రం మూడో యూనిట్‌లో 2014 అక్టోబరులో పని మొదలైన తొలి రోజుల్లో ఫ్లై యాష్, అమైన్ క్షీణత రెండూ ఇబ్బంది పెట్టాయి. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుకు ఇది మరింత వర్తిస్తుంది. ద్రావకంలో ఇనుము పెరుగుతుంటే క్షీణత ఇంకా వేగవంతం అవుతుంది.

ద్రావకంలో నురుగు వస్తే దాన్ని వడకట్టే కార్బన్ ఫిల్టర్ మార్చండి, చాలాసార్లు అదే సరిపోతుంది. పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను భూమి లోపలికి పంపే నిల్వ బావిలో ఒత్తిడి పెరగడం వేరే సమస్య. నార్వేలోని స్నోవిట్ గ్యాస్ క్షేత్రంలో అలా జరిగినప్పుడు 2011లో ఇంజెక్షన్‌ను వేరే పొరకు మార్చారు. ఆ ఒత్తిడి కంప్రెసర్ దగ్గరే తెలుస్తుంది, అబ్జార్బర్‌లో దాని కోసం వెతకకండి.

రీక్లెయిమర్ పని ముగిశాక లవణాల శాతం ప్రతివారం కొలవండి. అది మళ్లీ పెరుగుతుంటే స్క్రబ్బర్ పీహెచ్‌ను, హీటర్ లీకేజీని మళ్లీ చూడాలి.